మూడు పేజీల మధ్య కుర్మన్న మేస్త్రి

కండక్టర్ ఖాజా నా బల్ల మీద రెండు పేపర్లు పరిచాడు. రెండూ మావే. ఒకటి గద్వాల జిల్లా పేజీ, ఇంకొకటి వనపర్తి జిల్లా పేజీ. రెండింటి మీదా ఒకటే తేదీ, నాలుగు రోజుల నాటిది. గద్వాల పేజీలో కింద ఎడమ మూలన ‘మల్దకల్ వాసి అదృశ్యం’ అని నాలుగు వాక్యాలు, తలకు రుమాలు, గుబురు మీసాలతో ఒక ఫొటో. వనపర్తి పేజీలో పైన, చుట్టూ గీతలు గీసిన పెట్టెలో, ‘కూలీల అడ్డాలో మేస్త్రి తాత హల్‌చల్’ అని పదిహేను వాక్యాలు. దానికి ఫొటో లేదు.

ఖాజా గద్వాల నుంచి వనపర్తికి నడిచే బస్సులో కండక్టర్. పొద్దున గద్వాలలో ఒక పేపరు కొనుక్కుంటాడు. వనపర్తిలో టీ తాగేచోట అక్కడి పేపరు తిరగేస్తాడు. అంటే రెండు జిల్లాల పేజీలూ రోజూ చదివే మనిషి. మా సంస్థలో అలాంటి మనిషి లేడు.

“సార్, మీ రెండు పేపర్లు ఒక్క మిషన్లనే అచ్చైతయా, వేరే వేరేనా?” అని అడిగాడు.

ఒక్కటే అన్నాను.

“మరి దిద్దేటోళ్లు వేరేనా?”

రెండూ దిద్దింది నేనే. ఒకే సాయంత్రం, ఒకే కుర్చీలో కూర్చుని, బల్ల మీది టీ చల్లారక ముందే రెండింటినీ పంపించేశాను.

ఖాజా వెనక, గుమ్మం దగ్గర, కుర్మన్న మేస్త్రి భార్య సవారమ్మ నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు. బల్ల మీది పేపర్లను మార్చి మార్చి చూసి, “దొరికిండా సారు?” అంది.

దొరికాడు. నాలుగు రోజుల కిందటే దొరికాడు. పదిహేను వాక్యాల్లో, పెట్టె కట్టి మరీ వేశాం. దొరికింది ఆయనే అని మాకు తెలియలేదంతే.

జిల్లాకో పేజీ

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్ళవుతోంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి అనుభవాలు చెప్పమంటారు. ప్రమోషన్ల కథ ఎవరికీ పనికిరాదు, పైగా నాకు వచ్చినవీ తక్కువే. పెద్దవాళ్ళతో దిగిన ఫొటోలు ఇంట్లో గోడకున్నాయి, చూసుకోవచ్చు. నేను చెప్పగలిగింది నా తప్పులే. వాటికి కొరత లేదు.

ముందు మా పని ఎలా జరుగుతుందో చెప్పాలి. ఒకప్పుడు పాలమూరంతా ఒకటే జిల్లా, ఒకటే జిల్లా పేపరు. గద్వాలలో ఎవరిదైనా ఎద్దు తప్పిపోతే నాగర్‌కర్నూల్‌లో చదివేవాళ్ళు. తర్వాత జిల్లాలు విడిపోయాయి, వాటితోపాటు పేజీలూ విడిపోయాయి. పాఠకుడికి తన జిల్లా తప్ప పక్క జిల్లా అక్కరలేదని మా పైవాళ్ళు కనిపెట్టారు. ఎవరిని అడిగి కనిపెట్టారో నాకు తెలియదు. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి బస్సులు పోతాయి, వడ్ల లారీలు పోతాయి, పెండ్లివాళ్ళు పోతారు. మా వార్త మాత్రం వంతెనకు ఇవతలే ఆగిపోతుంది.

చివరి ఏళ్ళలో నన్ను గద్వాలలో కూర్చోబెట్టి మూడు జిల్లాలు అప్పజెప్పారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోని మండల విలేకరులు పంపే వార్తలన్నీ నాకు వచ్చేవి. నేను దిద్ది ఏ జిల్లా వార్తను ఆ జిల్లా పేజీకి పంపేవాణ్ణి. మూడు జిల్లాల వార్తలూ ఒకచోట చూసే మనిషి మొత్తం సంస్థలో ఒక్కడు. వాడు ఏం చూశాడన్నది మీరు ఇప్పటికే చదివారు.

సోమవారం పెద్దమనిషి

మతిమరుపు జబ్బు నాకు ఎదురుపడటం అది మొదటిసారి కాదు. అంతకు చాలా ఏళ్ళ ముందు వనపర్తిలో పనిచేసేటప్పుడు నరహరి గారని ఒక రిటైర్డ్ హెడ్ క్లర్క్ ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రతి సోమవారం అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునేచోటికి ఠంచనుగా వచ్చేవారు. అర్జీ ఒకటే. తన ఇంటి ముందు మురికికాలువ తెరిచి ఉందని, బండలు వేయించాలని. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఏడోసారి వచ్చినప్పుడు నాలో ప్రజాసేవకుడు మేల్కొన్నాడు. ‘ఏడుసార్లు మొరపెట్టినా చలనం లేదు’ అని శీర్షిక పెట్టి, చెయ్యెత్తి అర్జీ చూపిస్తున్న ఆయన ఫొటోతో అధికారులను ఉతికి ఆరేశాను. ఒక ఇంజనీరుకు మెమో వచ్చింది. నేను ఆ రోజు రెండు టీలు ఎక్కువ తాగాను.

మరునాడు ఆ ఇంజనీరు స్కూటరు మీద వచ్చి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని నరహరి గారి ఇంటికి తీసుకుపోయాడు. ఇంటి ముందు కాలువ మీద బండలున్నాయి. వాటి మీద నాచు పట్టి, ఆ నాచు కూడా ఎండిపోయి ఉంది. ఇంజనీరు ఆ బండల మీద అటూ ఇటూ రెండుసార్లు నడిచి చూపించాడు.

లోపలి నుంచి నరహరి గారి బిడ్డ వచ్చింది. టీచరు. “మా నాయనకు మూడేండ్ల సంది ఏదీ యాదికుంటలేదు సార్. బండలు ఏసినప్పుడు పక్కన నిలబడి ఏపిచ్చింది ఆయననే. మీరు ఒక్కసారి ఇంటికొచ్చి ఉంటే, ఈ బండల మీదనే నిలబడి మాట్లాడేటోళ్లు” అంది.

డిమెన్షియా అనే మాట మొదట ఆమె నోటనే విన్నాను. ఇది వయసుతో వచ్చే మామూలు మరుపు కాదని, మెదడుకు వచ్చే జబ్బని, తండ్రికి చిన్ననాటి పద్యాలు వస్తాయి కానీ పొద్దున తిన్నది గుర్తుండదని చెప్పింది. నేను శ్రద్ధగా విన్నాను. సవరణ మాత్రం వేయలేదు. మా పేపరు తప్పు ఒప్పుకోవడమంటే మా ఇన్‌ఛార్జికి ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. ఇంజనీరు మెమో ఏమైందో నేను అడగలేదు. ఆ తర్వాత సోమవారం నరహరి గారు మళ్ళీ వచ్చి, అర్జీ నా చేతికే ఇచ్చి, మీరు కొత్తగా వచ్చారా బాబూ అని ఆప్యాయంగా అడిగారు.

ఆ రోజు నేర్చుకోవలసింది ఒకటే ఉంది. ఇంటికి పోయి చూడు. నేను నేర్చుకున్నది వేరు. ముసలివాళ్ళ మాట పట్టించుకోకు. కుర్మన్న విషయంలో అది బాగా పనిచేసింది.

సదస్సు విజయవంతం

నా ఉద్యోగపు చివరి ఏడు సెప్టెంబరులో గద్వాలలో మతిమరుపు జబ్బు మీద అవగాహన సదస్సు పెట్టారు. ముందు ర్యాలీ. నర్సింగ్ చదివే ఆడపిల్లలు అట్టలు పట్టుకుని ఒక చౌరస్తా నుంచి ఇంకో చౌరస్తా దాకా ఎండలో నడిచారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళు ఉన్న ఏ గల్లీలోకీ ర్యాలీ పోలేదు. పోతే ఫొటోకు వెలుతురు చాలదు. తర్వాత ఫంక్షన్ హాల్లో సభ. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ముఖ్య అతిథి ముఖం తలుపంత ఉంది. డిమెన్షియా అన్న మాట తలుపు గొళ్ళెమంత ఉంది.

ముఖ్య అతిథి ఒక ప్రజాప్రతినిధి. “నాకు గూడ మతిమరుపే. ఎలక్షన్ల ఏం చెప్పిన్నో గెలిచినంక యాదికుండదు” అని మైకులో జోకు వేశారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు ఆ వేదిక మీద పలికిన నిజం అదొక్కటే. దాన్ని మాత్రం నేను వార్తలో రాయలేదు.

హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు వచ్చారు. మంచివాడే. తెర మీద మెదడు బొమ్మలు చాలా చూపించారు. రోజూ నడవండి, పేపర్లో గళ్ళనుడికట్టు నింపండి అన్నారు. మూడో వరసలో కూర్చున్న సవారమ్మకు ఆ సలహా ఎలా పనికొస్తుందో ఎవరూ ఆలోచించలేదు. మల్దకల్‌లో ఆశ కార్యకర్త ఒకామె, సదస్సులో మతిమరుపుకు మందు ఇస్తారని చెబితే, భర్తను బస్సెక్కించుకుని వచ్చిందామె.

కుర్మన్నను నేను చూసింది ఆ ఒక్కసారే. ఎత్తైన మనిషి, రుమాలు, మీసాలు. ఒకప్పుడు గుంపు మేస్త్రి. ఊళ్ళో కూలీలను పోగుచేసి, లారీ ఎక్కించి, కాలువలు తవ్వే చోటికీ ఆనకట్టలు కట్టే చోటికీ తీసుకుపోయి, ఆరు నెలలు పని చేయించి తిరిగి తీసుకొచ్చేవాడు. డాక్టరు మాట్లాడుతుండగా ఆయన లేచి నిలబడి, మొదటి వరస నుంచి మొదలుపెట్టి వేలితో హాల్లో మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కార్యక్రమం నడిపిస్తున్నాయన మైకులో, “పెద్దాయన, జర కూసోండి, భోజనాలు తర్వాత” అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. కుర్మన్న లెక్క పూర్తిచేసి, భార్య వైపు తిరిగి, “ఒకడు తక్కువున్నడు” అన్నాడు.

అప్పుడు సవారమ్మ లేచింది. ఆమెకు మైకు ఇవ్వలేదు, గొంతుతోనే అడిగింది.

“అయ్యా, నాదొక్క మాట. పొద్దుగాల లేస్తనే మూట పట్టుకుని లారీ వచ్చిందంటడు. లేదంటే కొడుతడు. తలుపేస్తే తల బాదుకుంటడు. తలుపు ఏయాల్నా, ఇడిసిపెట్టాల్నా?”

ఆ రోజు హాల్లో అవగాహన కోసం వచ్చిన ప్రశ్న అదొక్కటే. డాక్టరు జవాబు చెప్పడానికి మైకు వైపు వంగారు. ప్రశ్నలు చివర్లో అని నిర్వాహకుడు మైకు తీసుకున్నాడు. చివర్లో శాలువాలు, జ్ఞాపికలు, గ్రూపు ఫొటో. తర్వాత డాక్టరు కారు వచ్చింది. సవారమ్మ భర్త చెయ్యి పట్టుకుని ఆఖరి విస్తరి ఎత్తేదాకా కూర్చోవడం నేను చూశాను. చూసి, ఆఫీసుకు పోయి ‘మతిమరుపు సదస్సు విజయవంతం’ అని రాశాను. వేదిక మీది పదకొండు మంది పేర్లు వరస తప్పకుండా ఇచ్చాననుకున్నాను. మరునాడు ఒక నాయకుడి అనుచరుడు ఫోన్ చేసి, నాలుగో పేరు ఏడో చోటికి ఎలా పోయిందని నిలదీశాడు. ఒక ఆడమనిషి ప్రశ్న వార్తలో లేదని ఎవరూ ఫోన్ చేయలేదు.

నేను కోసేసిన వాక్యం

సదస్సులో మందు దొరకలేదు కాబట్టి సవారమ్మ మల్దకల్ గుడిలో మొక్కుకుంది. కుర్మన్నకు గుండు గీయించింది, మీసాలూ పోయాయి. దసరా దాటిన తర్వాత, పత్తి ఏరే రోజుల్లో, ఆమె రేషన్ బియ్యానికి పోయి వచ్చేసరికి ఇంట్లో మనిషి లేడు, మూట లేదు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిచేసే కొడుకు ఫోన్లో ఉన్న తండ్రి ఫొటో పంపాడు. అది రుమాలూ మీసాల ఫొటో. వాళ్ళ దగ్గర ఉన్నది అదొక్కటే.

మల్దకల్ విలేకరి పంపిన వార్తలో ఐదు వాక్యాలున్నాయి. ఐదోది ఇది: ‘గతంలో గుంపు మేస్త్రిగా పనిచేసిన కుర్మన్న మతిమరుపు కారణంగా కనిపించినవారినల్లా లెక్కపెడుతూ ఉంటాడని, ఇటీవలే గుండు చేయించామని భార్య తెలిపింది.’ పేజీలో చోటు లేదు. ఒక దుకాణం ప్రారంభోత్సవం ఉంది. ఐదో వాక్యం కోసేశాను. దాని బదులు మొదటి వాక్యంలో ‘మతిస్థిమితం లేని’ అని రెండు మాటలు చేర్చాను. ఆ రెండు మాటలూ మాకు చేతిలో సిద్ధంగా ఉంటాయి. తాగి పడిపోయినవాడికీ, జ్వరంలో పలవరించేవాడికీ, మెదడు జబ్బు ఉన్నవాడికీ, భాష తెలియక దారి తప్పిన బాటసారికీ అందరికీ ఒకటే చొక్కా తొడుగుతాం.

అదే సాయంత్రం వనపర్తి విలేకరి రఘు ఒక వార్త పంపాడు. ఊరు పేరు చెప్పలేని ఒక ముసలాయన, గుండుతో, భుజాన మూటతో, కూలీల అడ్డాకు వచ్చి పనికోసం నిలబడ్డవాళ్ళను వరసలో నిలబెట్టి లెక్కపెడుతున్నాడని, ఎవరైనా గుర్తుపడితే చెప్పాలని. రఘు దాన్ని ఐదు వాక్యాల్లో బుద్ధిగా రాశాడు. ఫొటో కూడా పంపాడు. నేను చదివి నవ్వుకున్నాను, సదస్సు హాల్లో లెక్కపెట్టిన మనిషి తలపుకే రాలేదు. పేజీకి కాస్త ఉప్పుకారం కావాలని రఘుకు ఫోన్ చేసి, ఇంకా ఏం చేశాడు, ఏమన్నాడు అని అడిగి పదిహేను వాక్యాలకు పెంచాను. హల్‌చల్ అన్న మాట నాది. మేస్త్రి తాత అన్నదీ నాదే. చివర్లో ‘గుర్తుపట్టినవారు తెలపగలరు’ అన్న వాక్యం వ్యంగ్యానికి అడ్డం వస్తోందని తీసేశాను. పెట్టె నిండిపోయింది కాబట్టి ఫొటో పక్కన పెట్టాను.

లెక్కపెట్టే మేస్త్రి ఒక వార్తలోంచి పోయాడు, గుండు ముఖం ఇంకో వార్తలోంచి పోయింది. కావాలని చేసినా ఇంత శుభ్రంగా చేయలేం.

వాట్సాప్ ఉంది కదా అని అడుగుతారు కొత్తవాళ్ళు. ఉంది. మా గ్రూపులు కూడా జిల్లాకొకటి.

ఖాజాకు ఎలా తెలిసిందంటే, సవారమ్మ గద్వాల బస్టాండులో నిలబడి వచ్చీపోయే ప్రతి కండక్టరుకూ నేను కోసేసిన ఆ వాక్యమే చెబుతూ ఉంది. గుండు ఉంటది, మనుషుల్ని లెక్కబెడతడు అని. ఆమె ఖాజాను ఆపేసరికి మూడు రోజులు గడిచాయి.

ఒక రోజు ఆలస్యం

ఖాజా పేపర్లు పరిచిన రోజే సవారమ్మను వెంటబెట్టుకుని ఆయన బస్సులోనే వనపర్తి పోయాను. అడ్డాలో ఒక నడివయసు ఆడకూలీ కుర్మన్నను బాగా గుర్తుపెట్టుకుంది.

“మమ్మల్ని రెండుసార్లు లెక్కబెట్టిండు. మా మేస్త్రి ఎన్నడూ గంత మంచిగ లెక్కబెట్టలే” అంది. రెండు రోజుల కిందట నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల వైపు పత్తి ఏరడానికి వారం పనికి పోయే బండి వస్తే, మేస్త్రి కూర్చునేచోట, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడట. పెద్దమనిషి కదా అని వాళ్ళూ దించలేదు.

ఎవరికైనా చెప్పకపోయారా అన్నాను.

“పేపర్ల ఏసిండ్రు గదా సారు. ఇంక మేమెవ్వరికి చెప్పాలె?”

సవారమ్మ అప్పుడే ఉప్పునుంతల పోదామంది. ఆమె ముఖంలో అప్పటికి భయం కన్నా ఆశే ఎక్కువ. కానీ మరునాడు గద్వాలలో ఒక మంత్రి పర్యటన ఉంది. ఉప్పునుంతల విలేకరికి ఫోన్ చేశాను. పొలాలన్నీ తిరగాలంటే రేపు చూస్తా సార్ అన్నాడు. నేను ఎల్లుండి పోదామన్నాను. ఆమె సరేనంది. పేపరాయన మాట కదా, ఏదో లెక్క ఉంటుందనుకుంది. లెక్క ఏమీ లేదు. మంత్రి పర్యటన ఒక పేజీ నిండా వచ్చింది. ఆయన ఏం చెప్పారో ఇప్పుడు నాకు ఒక్క ముక్క గుర్తులేదు, దానికి ఏ జబ్బూ కారణం కాదు.

కుర్మన్న గుండు ఫొటోను మూడు జిల్లాల్లోనూ వేయమని పేజీలు చూసే ఇన్‌ఛార్జిని అడిగాను. “మల్దకల్ మనిషి నాగర్‌కర్నూల్ పాఠకునికి ఏం లోకల్ చెప్పు? ఇయ్యాల మనిషిని ఏస్తే రేపు పెండ్లిపత్రిక మూడు జిల్లాలకు ఏయమంటరు” అన్నాడు. వనపర్తి పేజీలో మాత్రం వేశాడు, మనిషి వనపర్తి విడిచి మూడు రోజులయ్యాక.

ఎల్లుండి అన్నట్టుగానే పోయాం. ఉప్పునుంతల దాటి రోడ్డుకు ఆనుకున్న పత్తి చేను. రైతు కుర్మన్న గురించి చెబుతుంటే ఆయన గొంతులో కాస్త గౌరవం కూడా ఉంది.

“పని మంచిగనే చేయించిండమ్మా. బువ్వ కాడ అందరినీ లెక్కబెట్టెటోడు. రోజూ ఒకడు తక్కువైండనెటోడు. నిన్న పొద్దుగాల మూట పట్టుకున్నడు. తప్పిపోయినోన్ని తోల్కొస్త, అప్పటిదాక లారీ కదలనియ్యకుండ్రి అని చెప్పి పోయిండు.”

“ఎటు పోయిండు?” అంది సవారమ్మ.

రైతు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. రోడ్డు రెండు వైపులకూ పోతోంది.

“తిన్నడా?”

“తినే పోయిండు.”

తిరుగు ప్రయాణంలో ఆమె నాతో ఒక్కటే మాట మాట్లాడింది. “లారీ ఎక్కేటప్పుడు ఒకపారి, దిగేటప్పుడు ఒకపారి లెక్కబెట్టెటోడు సారు. ఒక్కడు తక్కువున్నా బండి కదలనియ్యకపోయేది. ఇన్నేండ్లల్ల ఒక్కన్ని ఇడిసిపెట్టి రాలే.” నన్ను అనాలని అన్న మాట కాదది. అందుకే గుచ్చుకుంది.

ఎవరో నవ్వుతాలుగా అడిగారు, ఆ రోజు నువ్వు మంత్రి పర్యటన మానేసి ఉంటే మనిషి దొరికేవాడా అని. ఆ సాయంత్రమే పోయి ఉంటే ఆయన చేనులోనే ఉన్నాడు. దీనికి పరిశోధన అక్కరలేదు.

ఇప్పుడు

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొద్దిగా ఉంది. మతిస్థిమితం లేని అని రాయకండి. జబ్బు పేరు తెలిస్తే పేరు రాయండి, తెలియకపోతే మనిషి ఏం చేస్తున్నాడో రాయండి. ఏం చేస్తున్నాడన్నదే ఆయన చిరునామా. మేస్త్రి లెక్కపెడతాడు, టీచరు పిల్లల పేర్లు పిలుస్తాడు, నేతపనివాడు గాలిలో చేతులాడిస్తాడు. పేరు మరిచినా పని మరవని మనుషులు వీళ్ళు, ఆ వాక్యాన్ని మాత్రం చోటు లేదని కోయకండి. నవ్వు పుట్టించే ముసలాయన వార్త వస్తే, నవ్వే ముందు పక్క రెండు జిల్లాలకు ఫోన్ చేయండి. సదస్సుకు పోతే వేదిక మీదివాళ్ళ పేర్లు వాళ్ళే పంపుతారు, మీరు మూడో వరస దగ్గర కూర్చోండి.

దిగిపోయాక నాకు పొద్దున పని లేదు. గద్వాల బస్టాండు దగ్గర టీ హోటల్లో గద్వాల పేజీ కొంటాను. ఖాజా ముందు రోజు వనపర్తి నుంచి తెచ్చిన పేజీ ఇస్తాడు. నాగర్‌కర్నూల్ పేజీని ఫోన్లో చూస్తాను. మూడింటినీ పక్కపక్కన పెట్టి, తప్పిపోయినవాళ్ళను దొరికినవాళ్ళతో జతచేయడానికి పావుగంట పడుతుంది. ఈ రెండేళ్ళలో ఇద్దరిని ఇళ్ళకు చేర్చాం. ఉద్యోగంలో ఉన్నప్పుడూ నాకు ఆ పావుగంట ఉండేది. టీ తాగేవాణ్ణి.

సవారమ్మ చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి మనిషి ఉన్న ఇంటికి కబురొస్తే పోతుంది. చొక్కా లోపలివైపు ఫోన్ నంబరు కుట్టమంటుంది. నెలకొక ఫొటో తీయమంటుంది, గుండు చేయిస్తే ఆ రోజే ఇంకొకటి. పోయిన సెప్టెంబరు సదస్సుకు ఆమెను వేదిక మీదికి పిలిచారు, చివరి కుర్చీ వేశారు, శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమంటే, తను అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పింది.

“తలుపు ఏయకుండ్రి, ఉత్తగ ఇడిసిపెట్టకుండ్రి. మూట పట్టుకున్నోని ఎంబడి జర దూరం నడువుండ్రి. లారీ రాలేదని కొట్లాడకుండ్రి. ఇయ్యాల పోయింది, రేపొస్తది అనుండ్రి. అలసిపోతే వాళ్లే మళ్లుతరు. నాకు గిది ఎరుకైనంక నెల రోజులు బాగనే ఉండె. రేషన్ కాడికి పోయిన నాడు ఎంబడి నడిచెటోళ్లు లేకపోయిరి.”

నిర్వాహకుడు సమయం అయిపోయిందని చీటీ పంపాడు. ఆమెకు చదవడం రాదు కాబట్టి మాట్లాడుతూనే ఉంది. మరునాడు మా పాత పేపర్లో వచ్చిన వార్తలో పన్నెండు పేర్లున్నాయి. ఆమె పేరు లేదు.

కుర్మన్న ఫొటో గద్వాల పేజీలో వచ్చింది, వనపర్తి పేజీలో వచ్చింది, ఆయన పత్తి చేను విడిచిపోయిన మూడు రోజులకు నాగర్‌కర్నూల్ పేజీలోనూ వచ్చింది. మూడింటిలో ఒకే రోజు ఇప్పటిదాకా రాలేదు. ఉప్పునుంతల రోడ్డు మీద ఆయన ఏ వైపు తిరిగాడో ఈ రోజుకూ తెలియదు.